దూలానికి కట్టిన ఉయ్యాల

"తాతయ్యా, నా డిక్షనరీ పోయింది!" అంటూ మొన్న పొద్దున్నే మా మనవరాలు ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చేసింది. నేనింకా డికాక్షన్ దగ్గరే ఉన్నాను. ఇంగ్లీషు మాట మీద బాణం పెడితే అర్థం చూపించే ఎక్స్‌టెన్షన్ అది. రాత్రి బ్రౌజర్ తనంతట తాను అప్‌డేట్ అయింది. తెల్లారేసరికి ఇది బూడిదరంగు తేలి కూర్చుంది.

"నేనేం నొక్కలేదు" అని ముందే సాక్ష్యం కూడా చెప్పేసింది.

నొక్కలేదని నాకు తెలుసు తల్లీ. ఇవి రెండు రకాలుగా చస్తాయి. చీటీ మీద చావొకటి, నిజం చావొకటి. ఏదో తేలకుండా వైద్యం చెయ్యకూడదు.

చీటీ చావు చూడాలంటే పాత ఫైర్‌ఫాక్స్ రోజులకి వెళ్ళాలి. అప్పట్లో ఎక్స్‌టెన్షన్ ఎక్స్‌పీఐ అన్న తోకతో వచ్చేది. పేరు గంభీరమే గానీ లోపల ఉత్త జిప్ ఫైలు. విప్పితే ఇన్‌స్టాల్ డాట్ ఆర్‌డీఎఫ్ అని ఒక చీటీ, అందులో మిన్‌వెర్షన్, మాక్స్‌వెర్షన్ అని రెండు అంకెలు. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా పనిచేస్తానని హామీ అన్నమాట. ఫైర్‌ఫాక్స్ 1.5 నాడు రాసినవాడు 1.5 దాకా అనే రాస్తాడు, రాబోయేది ఎలా ఉంటుందో వాడికేం తెలుసు? 2006 అక్టోబరులో 2.0 వచ్చింది, చీటీ చూసింది, "నా నంబరు లేదు, పక్కన కూర్చో" అంది. లోపలి కోడ్‌లో ఒక్క అక్షరం చెడలేదు. జాడీ మీద "ఉగాది దాకా" అని రాసుందని మర్నాడే ఆవకాయ పారబోసినట్టు!

చెయ్యి తిరిగినవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. మూట విప్పి, నోట్‌ప్యాడ్‌లో ఆ పెద్ద అంకె దిద్ది, మళ్ళీ మూటగట్టి ఎక్కించేవాళ్ళు. ఇందులో ఒక కిటుకుంది. ఫోల్డర్‌ని జిప్ చెయ్యకూడదు, దాని లోపలి ఫైళ్ళని చెయ్యాలి. లేదంటే చీటీ ఒక గది లోపలికి పోయి బ్రౌజర్‌కి కనపడదు.

మనవాళ్ళకి ఈ గొడవ పేపరు దాకా వచ్చేది. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఈనాడుది ఒక ఫాంటు, వార్తది ఇంకొకటి. ఆ ఫాంటు అందకపోతే తెర నిండా అర్థంపర్థంలేని లాటిన్ అక్షరాలు. 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ ఆ గజిబిజిని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి తిప్పేసేది. అలాంటిది పక్కన కూర్చుందంటే, ఎక్కడో అమెరికాలో ఉన్న తెలుగువాడికి ఆ పూట పేపరు రానట్టే.

2011 నుంచి ఫైర్‌ఫాక్స్ ఆరేసి వారాలకో కొత్త నంబరు వెయ్యడం మొదలెట్టింది. చీటీలు దిద్దలేక అందరూ అలిసిపోయారు. 2012 జనవరిలో వచ్చిన 10వ నంబరుతో, ఆ పై అంకెని చాలావాటి విషయంలో పట్టించుకోవడం మానేసింది. బుద్ధిమంతుల పని.

ఇక నిజం చావు. మా పాత పెంకుటింట్లో దూలానికి ఎక్కడ కావాలంటే అక్కడ తాడేసి ఉయ్యాల కట్టేవాళ్ళం. పాత ఎక్స్‌టెన్షన్లూ అంతే. బ్రౌజర్ మెనూలు, బటన్లు జూల్ అనే భాషలో ఉండేవి, ఎవరైనా సరే నేరుగా వాటికే తాడేసేవాళ్ళు. ఎంత హాయో! కానీ దూలం అంగుళం జరిగితే ఉయ్యాల కింద. పైగా దొంగకీ అదే దూలం అందుతుంది. అందుకని 2017 నవంబరు 14న, 57వ నంబరుతో, ఇల్లే మార్చేశారు. స్లాబు వేసి, కొక్కేలు వాళ్ళే బిగించి, "వేళ్ళాడితే వీటికే వేళ్ళాడండి" అన్నారు. ఆ కొక్కేల పేరే వెబ్‌ఎక్స్‌టెన్షన్స్. క్రోమ్‌లో మొదట్నుంచీ కొక్కేల పద్ధతే. సరైన కొక్కెం లేనివి పోయాయి. డౌన్‌దెమ్‌ఆల్ లాంటివి మళ్ళీ మొదట్నుంచి రాయించుకుని, కొన్ని పనులు వదులుకుని తిరిగొచ్చాయి. ఇక్కడ అంకె దిద్దితే ఏమొస్తుంది? దూలమే లేదు!

అన్నట్టు, చీటీ చావు పూర్తిగా పోయిందనుకోకు. ఎక్స్‌టెన్షన్ల మీద ఫైర్‌ఫాక్స్ వాళ్ళ ముద్ర తప్పనిసరి చేశాక, 2019 మే 4న ఆ ముద్రల వెనకున్న ఒక సర్టిఫికెట్‌కి గడువు తీరింది. లోకంలో ఉన్న ఫైర్‌ఫాక్స్‌లు చాలావరకు మంచి ఎక్స్‌టెన్షన్లనే దొంగల్లా చూసి ఆపేశాయి. మర్నాడు కొత్త కూర్పు పంపించి సర్దుకున్నారు.

కాఫీ తాగుతూ మా పిల్లదాని డిక్షనరీ రోగం చూశాను. దాన్ని చేసినవాడు 2021 తర్వాత ముట్టుకోలేదు. మానిఫెస్ట్ రెండు అనే పాత రకం కొక్కేనికి వేళ్ళాడుతోంది. పిల్లదాని బ్రౌజర్ మూడో రకానికి మారిపోయింది. నిజం చావే. దాచుకున్న మాటల జాబితా కూడా దానితోనే పోయింది. అప్‌డేట్‌కి ముందే సెట్టింగుల్లోంచి ఫైలుగా తీసి ఉంచుకోవలసింది, అది నాకూ తట్టలేదు.

బ్రౌజర్ సొంత దుకాణంలోనే వెతికి ఇంకోటి పట్టాం. ఎక్కించబోతుంటే "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవగలదు" అని అనుమతి అడిగింది. పిల్లదాని వేలు గాల్లో ఆగిపోయింది.

"అన్నీ చదివేస్తుందా తాతయ్యా?"

"మాట చదవకుండా అర్థమెలా చెప్తుందే? చేసినవాడెవరో, కడపటిసారి ఎప్పుడు ముట్టుకున్నాడో చూడు ముందు."

చూసింది. కిందటి నెల.