గంట ఎవరి బల్లమీద మోగాలి?

సంస్థ లెటర్‌హెడ్ మీద ముద్రించి ఉండేది సాధారణంగా ఒకే నంబరు. దాని వెనుక కొన్ని ట్రంకు లైన్లు, వాటి వెనుక వందలాది ఎక్స్‌టెన్షన్లు ఉంటాయి. మొదటి లైను ఖాళీగా లేకపోతే టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఆ కాల్‌ను రెండవదానికి, అదీ దొరకకుంటే మూడవదానికి పంపుతుంది. దీనికి 'హంటింగ్' అని పేరు. ఖాళీ లైనును వేటాడటమన్నమాట.

ఇంతకీ ఎన్ని లైన్లుంటే చాలును? కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ 1917లో ఇందుకొక సూత్రాన్ని ప్రకటించారు. గంటకు 60 కాల్స్, ఒక్కొక్కటి సగటున 3 నిమిషాలు అనుకుందాం. మొత్తం 180 నిమిషాలు. 3 లైన్లు సరిపోవాలి కదా! కాని కాల్స్ రేషన్ దుకాణం ముందు జనంలా వరుసకట్టి రావు. ఎర్లాంగ్ లెక్క ప్రకారం 3 లైన్లే ఉంటే దాదాపు మూడింట ఒక కాల్‌కు 'ఎంగేజ్' శబ్దమే దక్కుతుంది. 6 లైన్లుంటే అది ఇరవైలో ఒకటికి, 8 ఉంటే నూటికి ఒకటికన్నా తక్కువకు దిగుతుంది. పొదుపు పేరిట రెండు లైన్లు తగ్గించే ముందు ఈ అంకెలను చూడటం మంచిది.

కార్యాలయం లోపలికి వచ్చాక ఆ కాల్‌ను ఇ.పి.ఎ.బి.ఎక్స్. అందుకుంటుంది. ఒక విభాగంలోని నాలుగు ఫోన్లను ఒక బృందంగా కలిపితే, గంట ఏ క్రమంలో మోగాలో ముందుగా నిర్ణయించాలి. ప్రతిసారీ మొదటి ఫోనునుండే వెదకడం ఒక పద్ధతి. అప్పుడు ఆ కుర్చీలోని ఉద్యోగికి తలెత్తే తీరిక ఉండదు; నాలుగవ కుర్చీలోని వారు తమకు ఫోన్లే రావడం లేదని నిజాయితీగానే చెబుతారు. క్రితం కాల్ ఎక్కడ ఆగిందో దాని తరువాతి ఫోనునుండి వెదికితే భారం నలుగురికీ పంచబడుతుంది. నా మటుకు ఈ రెండవదే న్యాయం.

అయితే యంత్రానికొక పరిమితి ఉంది. మాటల్లో ఉన్న ఫోనును అది తక్షణమే గుర్తిస్తుంది. మనిషిలేని కుర్చీని మాత్రం గుర్తించలేదు. గడువు తీరేదాకా గంట మోగించి, ఆపైనే మరొక ఫోనుకు మళ్ళిస్తుంది. ఒక్కొక్క ఫోనుకు 20 సెకన్ల చొప్పున నాలుగు ఖాళీ కుర్చీలు దాటేసరికి 80 సెకన్లు! అవతలివారు అంతసేపు వేచి ఉండరు. బదిలీపై వెళ్ళినవారు పెట్టిన 'ఫార్వర్డింగ్'ను తీసివేయకపోతే, కాల్స్ వారి వెంటే కొత్త గదికి పోతూంటాయి.

కుటుంబసభ్యులకు మరీ ముఖ్యమైనది 'నైట్ సర్వీస్'. సాయంత్రం ఆపరేటరు వెళ్ళిపోయాక కాల్స్ ముందే నిర్ణయించిన ఒక ఫోనుకు, అనేకచోట్ల సెక్యూరిటీ గేటుకు, వెళ్ళేలా మీట మారుస్తారు. సెల్‌ఫోన్లు ఉండగా ఇదెందుకని అనుకోవచ్చు. మంటలంటుకునే వాయువులుండే ప్లాంట్లలోకి మామూలు సెల్‌ఫోన్లను అనుమతించరు. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే, షిఫ్టులో ఉన్నవారికి ఆ కబురు చేరవలసింది గేటు ఫోను ద్వారానే. అక్కడి బల్లమీదున్న ఎక్స్‌టెన్షన్ల పట్టిక పాతదైతే, కాల్ గేటుదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ పట్టికపై తేదీ ఎప్పటిదో షిఫ్టుకు వెళ్ళేటప్పుడు ఒకసారి చూడండి. రాత్రివేళ ఏ నంబరుకు చేయాలో, ఏ విభాగం పేరు చెప్పాలో ఇంట్లోవారికి వ్రాసి ఇవ్వండి.