రెండు సంస్కృతుల బిడ్డ, ఆలకించే కాపరి

కొన్నేళ్ల క్రితం అమెరికాలోని ఒక తెలుగు సంఘానికి వాక్య పరిచర్య నిమిత్తం వెళ్లాను. ఆరాధన ముగిశాక ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. "పాస్టరు గారూ, మా వాడి కోసం ప్రార్థన చేయండి. ఇంట్లో తెలుగు మాట్లాడడు, మన వాళ్లతో కలవడు. మన బిడ్డలాగే ఉండడు" అంది. పదిహేనేళ్ల కుర్రవాడు తల వంచుకుని నిలబడ్డాడు. నేను అతని తలమీద చెయ్యి వేసి ప్రార్థించి, తల్లిదండ్రులను సన్మానించాలని నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది: ఆ అబ్బాయిని నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ లోటే నన్ను కౌన్సెలింగ్ మనస్తత్వశాస్త్రం వైపు నడిపించింది. చదివిన కొద్దీ తెలిసిందేమంటే, ఈ విషయంలో పండితులు కూడా ఒకప్పుడు నాలాగే తొందరపడ్డారు. 1928లో అమెరికా సమాజశాస్త్రవేత్త రాబర్ట్ పార్క్, రెండు సంస్కృతుల నడుమ నిలిచినవాణ్ణి 'అంచున ఉన్న మనిషి'గా వర్ణించాడు. రెండు లోకాల్లో పెరిగితే మనసు చీలిపోక తప్పదనే అభిప్రాయం తర్వాత చాలాకాలం నిలిచింది. అంతకు ముందే 1903లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ 'ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' అనే గ్రంథంలో 'జంట చైతన్యం' గురించి రాశాడు. తనను చిన్నచూపు చూసేవారి కళ్లతోనే తనను తాను కొలుచుకోవలసి రావడం ఎంతటి వేదనో ఆయన వివరించాడు. ఆ వేదనకు మూలం ఎదుటివారి చిన్నచూపులో ఉంది. పార్క్ మాటనే పట్టుకుని కూర్చున్నవారు ఈ సంగతిని మరచిపోయారు.

తర్వాతి పరిశోధన ఆ పాత అభిప్రాయాన్ని సరిదిద్దింది. కెనడా మనస్తత్వవేత్త జాన్ బెర్రీ రెండు ప్రశ్నలు ముందుంచాడు. సొంత సంస్కృతిని నిలుపుకుంటున్నావా? చుట్టూ ఉన్న సమాజంతో కలుస్తున్నావా? వీటికి వచ్చే జవాబులను బట్టి నాలుగు దారులు ఏర్పడతాయి. రెంటినీ పట్టుకోవడం ఒకటి. సొంతది వదిలి కొత్తదానిలో కలిసిపోవడం రెండోది. కొత్తది వద్దని సొంతదానిలోనే ఉండిపోవడం మూడోది. రెంటికీ దూరం కావడం నాలుగోది. 1993లో టెరెసా లాఫ్రామ్‌బాయిజ్, ఇద్దరు సహ పరిశోధకులు కలిసి రాసిన వ్యాసంలో, మనిషి ఒకదాని కోసం మరొకదాన్ని పోగొట్టుకోకుండా సందర్భాన్ని బట్టి రెండు సంస్కృతుల్లోనూ మెలగగలడని చూపారు. 2013లో 83 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, రెంటినీ నిలుపుకున్నవారు సగటున మానసికంగా, సామాజికంగా బాగా కుదురుకున్నట్లు తేలింది. ఏది కారణమో ఏది ఫలితమో ఆ లెక్క చెప్పదు. అయినా రెండు సంస్కృతులు ఉండడమే రోగం అనే మాట మాత్రం ఇక నిలవదు.

మరి కొందరికి అది ఎందుకంత భారం అవుతుంది? వెరోనికా బెనెట్-మార్టినెజ్ పరిశోధన ఇక్కడ ఉపకరిస్తుంది. అవే రెండు సంస్కృతులు ఒకరికి పొందికగానూ, మరొకరికి పోరుగానూ అనిపించవచ్చు. వివక్షను ఎదుర్కొన్నవారిలో ఆ పోరు ఎక్కువగా కనిపిస్తుందని ఆమె, ఆమె సహచరులు గమనించారు.

జాతి అనే మాట ఇక్కడే ముందుకొస్తుంది. భాష నేర్చుకోవచ్చు, వేషం మార్చుకోవచ్చు, ఒంటి రంగు మార్చుకోలేం. భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అయినా 1923లో అక్కడి సుప్రీంకోర్టు అతడు 'తెల్లవాడు' కాడని, పౌరసత్వానికి అర్హుడు కాడని తీర్పిచ్చింది. నేడు చట్టం మారింది, కానీ చూపు పూర్తిగా మారలేదు. అమెరికాలోనే పుట్టిన బిడ్డను "నీది అసలు ఏ దేశం?" అని అడుగుతారు. 2007లో డెరాల్డ్ వింగ్ సూ బృందం ఇలాంటి చిన్న చిన్న గాయాలను వర్గీకరించి, అవి ఎలా పోగుపడి మనసును నలుపుతాయో వివరించింది. అదే బిడ్డ సెలవులకు విజయవాడ వస్తే "అమెరికా పిల్లోడు, తెలుగు రాదు" అని బంధువులు నవ్వుతారు. అక్కడా పరాయివాడే, ఇక్కడా పరాయివాడే.

కౌన్సెలరు చేయవలసిందేమిటి? 1992లో సూ, మరి ఇద్దరు కలిసి మూడు సంగతులు సూచించారు. మొదట తన సొంత అభిప్రాయాలను, పక్షపాతాలను గుర్తెరగాలి. తర్వాత ఎదుటివారు లోకాన్ని ఎలా చూస్తున్నారో తెలుసుకోవాలి. ఆపైన వారికి తగిన పద్ధతిలో సహాయం చేయాలి. ఈ వరుసను నేను తలకిందులు చేశాను. తెలుసుకోకముందే సలహా ఇచ్చాను. తప్పిన దారిని ఒప్పుకోవడం శాస్త్రానికీ అవసరమైంది: జాతి వివక్షను పెంచడంలో తమ పాత్రకు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2021 అక్టోబరులో క్షమాపణ చెప్పింది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ప్రతి బాధనూ సంస్కృతి ఖాతాలో వేయకూడదు. బిడ్డ వారాల తరబడి నిద్రాహారాలు మానినా, చావు మాటలు మాట్లాడినా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. ప్రార్థన చేయండి, చికిత్స కూడా చేయించండి. బిడ్డ గోప్యంగా చెప్పుకున్న మాటను ప్రార్థనాంశంగా సంఘమంతా చాటకండి.

అపొస్తలుల కార్యములు 21, 22 అధ్యాయాలు మరోసారి చదవండి. యెరూషలేములో పౌలు రోమా సైనికాధికారితో గ్రీకులో మాట్లాడాడు. కొద్ది నిమిషాలకే మెట్లమీద నిలబడి జనంతో హెబ్రీ భాషలో మాట్లాడాడు. కొరడాలతో కొట్టబోతే రోమా పౌరసత్వాన్ని గుర్తుచేశాడు. ఏ భాషలో మాట్లాడినా ఆయన పౌలే. మన బిడ్డలు ఫోనులో స్నేహితునితో ఒకలా, నాయనమ్మతో మరోలా మాట్లాడితే అది నటన అని ఎందుకు అనుకోవాలి?

మన ఇల్లు కూడా చక్కబెట్టుకోవాలి. పెళ్లి సంబంధం అనగానే రంగునూ కులాన్నీ ఆరా తీసే సంఘం, బడిలో తన రంగు వల్ల అవమానపడిన బిడ్డను ఏ ముఖంతో ఓదారుస్తుంది? ఆ బిడ్డ మన మాట వినేముందు మన ఇంటి తీరును చూస్తాడు.

తల్లిదండ్రులారా, ఈ వారం మీ బిడ్డను ఒక్క మాట అడగండి: "బడిలో నిన్ను ఏమని పిలుస్తున్నారు? అలా పిలిస్తే నీకెలా ఉంటుంది?" జవాబు వచ్చేవరకు మౌనంగా ఉండండి. మధ్యలో వాక్యం చెప్పకండి, పోల్చకండి. ఆనాడు ఆ అబ్బాయిని నేను అడగవలసిన ప్రశ్న అదే. అతడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. అతని కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చిన ఏ బిడ్డ తలమీదా, వాడి మాట వినకముందు చెయ్యి వేయలేదు.