పెద్ద పుట్టుమచ్చతో పుట్టిన బిడ్డ

కాన్పు గదిలో నుంచి బిడ్డను బయటకు తీసుకురాగానే "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడుగుతారు. చాలా ఏళ్ల క్రితం, నేను స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో, ఒక పాప విషయంలో మాత్రం ఎవరూ ఆ మాట అడగలేదు. నడుము నుంచి తొడల దాకా నల్లటి నిక్కరు తొడిగినట్టు ఒకటే మచ్చ. దాని మీద సన్నటి వెంట్రుకలు. ఒంటి మీద అక్కడక్కడ మరికొన్ని చిన్న మచ్చలు. "గ్రహణం నాడు బయటికి రావద్దంటే విన్నావా?" అని అత్తగారు కోడలిని మంచం మీదనే నిలదీసింది. ఆ తల్లి వార్డులో ఉన్నన్నాళ్లూ బిడ్డ గుడ్డ విప్పి ఎవరికీ చూపించలేదు.

గ్రహణం వల్ల గానీ, తల్లి తిన్న తిండి వల్ల గానీ, ఎవరి పాపం వల్ల గానీ ఈ మచ్చ రాదు. బిడ్డ కడుపులో రూపు దిద్దుకునే తొలి నెలల్లో, చర్మానికి రంగునిచ్చే ఒక కణంలో చిన్న మార్పు జరుగుతుంది. చాలామందిలో అది ఎన్‌రాస్ అనే జన్యువులో మార్పు. ఆ ఒక్క కణం నుంచి పుట్టినవన్నీ ఒకచోట గుమికూడి మచ్చ అవుతాయి. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు కాబట్టి, తర్వాతి కాన్పులో కూడా ఇలాగే అవుతుందని సాధారణంగా భయపడనక్కరలేదు.

పుట్టుకతో చిన్న మచ్చ సుమారు నూరుమంది శిశువుల్లో ఒకరికి ఉంటుంది. పెద్దయ్యేసరికి 20 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు దాటే మచ్చ సుమారు 20 వేల మందిలో ఒకరికి. బిడ్డతోపాటే మచ్చా పెరుగుతుంది గనుక, పుట్టినప్పుడు ఒంటి మీద 6 సెంటీమీటర్లు, తల మీద 9 సెంటీమీటర్లు దాటితే దాన్ని పెద్దదిగానే లెక్కిస్తారు.

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న, క్యాన్సర్. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ చిన్న మచ్చల్లో బహు అరుదు, జీవితం మొత్తంలో నూటికి ఒకరికంటే తక్కువ. పెద్ద మచ్చలున్న వారిలో నూటికి 2 నుంచి 5 మందికి రావచ్చు. మచ్చ 40 సెంటీమీటర్లు దాటి, చుట్టూ పిల్ల మచ్చలు చాలా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. వచ్చేవారిలో చాలామందికి చిన్నతనంలోనే, ముఖ్యంగా మొదటి అయిదేళ్లలో వస్తుంది. అందుకే "పెద్దయ్యాక చూద్దాంలే" అనకూడదు.

ఆ మాట అన్నది నేనే. పిల్లల పిర్రల మీద నీలం రంగు మచ్చలు కొన్నేళ్లకు మాసిపోవడం ఎన్నోసార్లు చూశాను. ఆ అలవాటుకొద్దీ, ఏడుస్తున్న తల్లిని ఓదార్చాలని "పెద్దయితే పోతుందిలే అమ్మా" అన్నాను. నల్లటి పెద్ద మచ్చ అలా పోదు. ఆమె నా మాట నమ్మి రెండేళ్లు రాలేదు. వచ్చేసరికి ఇంట్లోవాళ్లు సున్నం, చాకలిసోడా కలిపి రాసి ఉన్నారు. మచ్చ పోలేదు, చర్మం కాలి పుండైంది. ఆ గాయం మానిన చోట కొత్తగా ఏది మారిందో పోల్చుకోవడం డాక్టర్‌గారికే కష్టమైంది. నల్లజీడి రసం పూసినా ఇంతే.

పిల్ల మచ్చలు కూడా ఉన్న బిడ్డకు మొదటి ఆరు నెలల్లో మెదడు ఎం.ఆర్.ఐ. తీయించమని ఇప్పుడు డాక్టర్లు చెబుతారు. ఆ రంగు కణాలు కొందరిలో మెదడు పొరల్లోనూ ఉంటాయి. ఫిట్స్ వచ్చినా, వాంతులు ఆగకపోయినా, తల త్వరత్వరగా పెరుగుతున్నా వెంటనే తీసుకురండి. ఆపరేషన్ సంగతి ప్లాస్టిక్ సర్జన్ చెప్పాలి. పెద్ద మచ్చను విడతలవారీగానే తీస్తారు, తీసినా క్యాన్సర్ ప్రమాదం పూర్తిగా పోదు.

(పెద్దలకూ ఒక మాట. మన దేశంలో మెలనోమా తక్కువే గానీ, వస్తే ఎక్కువగా అరికాలిలోనో గోటి కిందో వస్తుంది. ముల్లు విరిగిందనుకున్న నల్ల మచ్చ నెలలు గడిచినా మానకపోతే చూపించండి.)

ఇంట్లో చేయవలసిన పని కంటితో కంటే చేతితో ఎక్కువ. ఈ మచ్చల్లో క్యాన్సర్ లోపలి పొరల్లో మొదలు కావచ్చు, పైకి రంగు మారకపోవచ్చు. నెలకోసారి స్నానం చేయించేటప్పుడు అరచేత్తో మచ్చంతా తడమండి. కొత్త గడ్డ, త్వరగా పెరిగే బుడిపె, మానని పుండు, రక్తం కారడం ఉంటే వారం కూడా ఆగవద్దు. మచ్చ చర్మం పొడిబారి దురద పెడుతుంది, కొబ్బరినూనె రాయవచ్చు. ఎండలో నూలు బట్ట కప్పండి.

ఆ తల్లికి తర్వాత ఇదంతా దగ్గర కూర్చుని నేర్పాను. పాపకు నాలుగో ఏట, నడుము దగ్గర కందిగింజంత గడ్డ చేతికి తగిలిందని మర్నాడే బస్సెక్కి వచ్చింది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ కాదని తేలింది. ఆ గడ్డ మా కంటికి కనపడలేదు, ఆమె చేతికే దొరికింది. ఆ పాప ఇప్పుడు పెద్దదై, ఏటా తానే పాత ఫోటోల కవరు పట్టుకుని మా ఓ.పి.కి వస్తుంది.