అల్సాస్ ద్రాక్ష ఊళ్లలో ఒక రోజు: సీసా మీద ఊరి పేరు ఎలా నిలబడింది?

పోయిన జూన్‌లో మా పెదనాన్న కొడుకు దగ్గరికి జర్మనీ వెళ్లినప్పుడు, సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో ఒక రోజు గైడెడ్ టూర్‌కి వెళ్లాం. స్ట్రాస్‌బర్గ్‌లో పొద్దున ఎనిమిదిన్నరకి వ్యాన్ ఎక్కితే సాయంత్రం ఆరింటికి దింపారు. మధ్యయుగాల నాటి మూడు ఊళ్లు, రెండు చోట్ల వైన్ రుచి చూడటం, చివర్లో కోల్మార్ పట్నం. ఊళ్ల అందం పై వీడియోలో చూడండి. లెక్కలు, చట్టాలు, మందుల సంగతి వీడియోలో చెప్పడానికి టైం చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

వైన్ గురించి మనకెందుకు అని కొందరు అడుగుతారని తెలుసు. నేను తాగను. రుచి గదిలో నోట్లో పోసుకుని ఉమ్మేయడానికి బకెట్ పెడతారు, కొనుగోలుదారులు చాలామంది అదే చేస్తారు. నేనూ అదే చేశా. నేను చూడాలనుకున్నది గ్లాసులో ఉన్నది కాదు. ఇరవై ఎకరాల చిన్న రైతు తన పంటని తన ఊళ్లోనే సరుకుగా మార్చి, తన ఇంటి గుమ్మం దగ్గరే, తన రేటుకే ఎలా అమ్ముకుంటున్నాడు అన్నది.

ముందు వాతావరణం చెప్పాలి, ఎందుకంటే నాకు మొదటి ఆశ్చర్యం అక్కడే. అల్సాస్ అంటే పడమర వోజ్ కొండలు, తూర్పున రైన్ నది, మధ్యలో సన్నటి పట్టీ. వర్షం మబ్బులన్నీ కొండల అవతలే కురిసిపోతాయి. అందుకే కోల్మార్ ఫ్రాన్స్‌లో అతి తక్కువ వాన పడే పట్నాల్లో ఒకటి, ఏడాదికి 600 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. మా అనంతపురంలో సుమారు 550. మనకి పడమటి కనుమలు చేసే పనే వాళ్లకి వోజ్ కొండలు చేస్తున్నాయి. అయితే వాళ్ల ఎండ మన ఎండ కాదు, వాళ్ల వాన ఏడాది పొడవునా కొద్దికొద్దిగా పడుతుంది. కాబట్టి వాళ్లది చూసి మనం కూడా డ్రిప్ పీకేద్దాం అనుకోకండి. అక్కడ పేరున్న వైన్ తోటలకి నీళ్లు కట్టడం మామూలుగా నిషేధం. వేరు లోతుకి పోవాల్సిందే.

మొదట ఆగింది కైజర్స్‌బర్గ్. ఆఫ్రికాలో ఆసుపత్రి పెట్టి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ 1875లో పుట్టింది ఇక్కడే. ఏటి మీద కోట గోడలాంటి రాతి వంతెన, పైన కొండ మీద గుండ్రటి బురుజు. ఆ బురుజు నుంచి చూస్తే ష్లోస్‌బర్గ్ అనే ద్రాక్ష కొండ కనపడుతుంది. మెట్లు మెట్లుగా రాతి గట్లు కట్టి, ట్రాక్టర్ ఎక్కని చోట కూడా తీగ పెట్టారు. నేల గ్రానైట్ ఇసుక. అల్సాస్‌లో మొట్టమొదట గ్రాండ్ క్రూ, అంటే అత్యుత్తమ నేల అని గుర్తింపు పొందింది ఈ కొండే, 1975లో. ఇప్పుడు అలాంటివి 51 ఉన్నాయి. గుర్తింపు రైతుకి కాదు, కంపెనీకి కాదు, నేలకి. ఈ గట్టు దాకా ఉంది, ఆ గట్టు అవతల లేదు అని గీత గీసి ఉంటుంది.

గీత గీసి వదిలేయలేదు. మామూలు అల్సాస్ తెల్ల వైన్‌కి హెక్టారుకి 80 హెక్టోలీటర్లు దాటకూడదు, గ్రాండ్ క్రూకి 55 దాటకూడదు. ఎకరా లెక్కలో గ్రాండ్ క్రూ అంటే దాదాపు 2,200 లీటర్లు, కాయ బరువులో మూడు టన్నులకి కాస్త పైన. మన పందిరి తోటలో ఎకరాకి పది టన్నులు మామూలు మాట. అక్కడ దిగుబడి ఎక్కువొస్తే తప్పు! గ్రాండ్ క్రూ కోత మనుషులు చేత్తోనే కొయ్యాలి, మిషన్ పెట్టకూడదు. ఇది వింటే మనవాళ్లు నవ్వుతారు. కానీ సరుకు తక్కువ, పేరు గట్టిది అయితేనే రేటు నిలబడుతుందని వాళ్లు తమ మీద తామే పెట్టుకున్న కట్టడి ఇది. వ్యాపారి పెట్టింది కాదు.

అన్నిటికంటే నాకు నచ్చిన చట్టం 1972 నాటిది. అల్సాస్ వైన్‌ని అల్సాస్‌లోనే సీసాలో నింపాలి. ట్యాంకర్లలో బయటికి పంపి వేరే ఊళ్లో నింపడానికి లేదు. ఆ పొడుగాటి సన్న సీసా కూడా వాళ్ల గుర్తే. ఒక్క ఈ నిబంధనతో సీసా పని, మూత పని, లేబుల్ పని, పెట్టెల పని అంతా ఊళ్లలోనే ఉండిపోయింది. మన వేరుశనగ కాయ లారీలో పోయి, నూనె డబ్బాగా తిరిగి మన ఊరి కొట్టుకే రావడం గుర్తొచ్చింది.

రెండో ఊరు రిక్‌విర్. 1291లో కట్టిన దోల్డర్ అనే గడియారపు బురుజు ఊరి గుమ్మంలా నిలబడి ఉంటుంది. లోపల 16వ శతాబ్దపు ఇళ్లు. కొయ్య చట్రం కట్టి, మధ్యలో మట్టి, గడ్డి కలిపి మెత్తిన గోడలు. మన పాత మట్టిమిద్దెల పని తెలిసినవాళ్లకి చూడగానే అర్థమైపోతుంది. పై అంతస్తులో కుటుంబం, కింద వైన్ పీపాలు. గోడ దాటిన మరుక్షణం ద్రాక్ష సాలు మొదలవుతుంది. నిజంగా మరుక్షణమే, మధ్యలో ఒక్క ప్లాటు లేదు, ఒక్క షెడ్డు లేదు.

ఇక్కడ కాసేపు ఆగిపోయా. మా మండలంలో హైవే పక్కన రెండు మామిడి తోటలు పోయిన ఏడాది వెంచర్లయ్యాయి. ఆ రైతులని తప్పు పట్టను, ఎకరా మీద వచ్చే రాబడికీ ప్లాటు రేటుకీ పోలికే లేదు. రిక్‌విర్ గోడ పక్కన మడి ఎందుకు మిగిలిందంటే గోడ గొప్పతనం వల్ల కాదు. ఆ మడిలో పండింది బిల్డింగ్ కంటే విలువైనదిగా చట్టమూ చూసింది, బేరగాడూ చూశాడు. ఊరి అందం చూడ్డానికి వచ్చినవాడు సీసా కొంటాడు, సీసా రుచి చూసినవాడు ఊరు చూడ్డానికి వస్తాడు. 1953లో వాళ్లు వైన్ రోడ్డు అని ఒక దారికి పేరు పెట్టి బోర్డులు కట్టారు, సుమారు 170 కిలోమీటర్లు. కొత్తగా కట్టిందేమీ లేదు, ఉన్న ఊళ్లనీ ఉన్న తోటల్నీ ఒక తాడు మీద గుచ్చారు, అంతే.

మరోవైపు కూడా చెప్పాలి. రిక్‌విర్‌లో ఉండేది వెయ్యి మంది. మేం వెళ్లిన రోజు వీధిలో భుజం భుజం రాసుకుంటూ నడిచాం. కొట్లలో సగం బొమ్మ కొంగలు, అయస్కాంతం బిళ్లలు. అవి ఆ ఊళ్లో తయారైనవి కావని చూస్తేనే తెలుస్తుంది. నాకైతే ఈ ఊరు రైతు చేతి నుంచి కొట్టువాడి చేతికి సగం జారిపోయినట్టు అనిపించింది. పక్క ఊళ్లది ఇంకో కథ. 1944-45 చలికాలంలో కోల్మార్ చుట్టూ జరిగిన యుద్ధంలో బెన్‌విర్, సిగోల్సైమ్ లాంటి ఊళ్లు నేలమట్టమయ్యాయి. తర్వాత కట్టిన ఇళ్లే ఇప్పుడు అక్కడున్నవి. అక్కడ టూరిస్టు వ్యాన్లు ఆగవు. తోటలు మాత్రం అంతే బాగున్నాయి.

మూడోది ఎగిసైమ్. మధ్యలో చిన్న కోట, దాని చుట్టూ ఉంగరాల్లా వీధులు. పోప్ తొమ్మిదో లియో 1002లో ఇక్కడే పుట్టాడని చెబుతారు. గైడమ్మ చరిత్ర చెప్తుంటే నేను కప్పుల మీద కొంగ గూళ్లు చూస్తున్నా. 1970ల్లో ఈ కొంగలు ఇక్కడ దాదాపు కనుమరుగైపోతే, పెంచి వదిలి మళ్లీ నిలబెట్టుకున్నారు.

ఎగిసైమ్ బయట ఒక బయోడైనమిక్ తోటలో గంటన్నర ఉన్నాం. మన చానెల్ వాళ్లకి అసలు సరుకు ఇదే, వీడియోలో కూడా ఎక్కువసేపు ఉంది. బయోడైనమిక్ అంటే 1924లో రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టిన పద్ధతి. అల్సాస్‌లో 1969 నుంచే ద్రాక్షలో చేస్తున్న కుటుంబం ఉంది. ఆవు కొమ్ములో పేడ కూరి, చలికాలం ముందు పాతిపెట్టి, వసంతంలో తవ్వి తీస్తారు. హెక్టారుకి సుమారు 100 గ్రాములు చాలు, నీళ్లలో గంటసేపు కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి సుడి తిప్పుతూ కలిపి చల్లుతారు. నేను జీవామృతం సంగతి చెప్పా: ఎకరాకి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, గట్టు మట్టి. ఆయన బెల్లం దగ్గర ఆపి రెండుసార్లు అడిగాడు. సూక్ష్మజీవులకి తిండి అని చెప్తే తల ఊపాడు.

చంద్రుడి రోజులు చూసి కత్తిరించడం, చల్లడం కూడా చేస్తారు. దాని మీద నాకు నమ్మకం లేదు, మొహమాటం లేకుండా చెప్తున్నా. కానీ ఆ సాళ్ల మధ్య నేల చూశాక మాట పడిపోయింది. ఒక సాలు విడిచి ఒక సాలు పచ్చిరొట్ట, బటానీ జాతివి, గడ్డి జాతివి, ఆవ జాతివి కలిపి. పార వేస్తే వానపాములు. పక్క తోటలో సాలు కింద గడ్డి మందు కొట్టి ఎర్రగా మాడిపోయి ఉంది. కొమ్ము ఎరువు వల్లనా, పచ్చిరొట్ట వల్లనా అని అడిగితే నేను పచ్చిరొట్టకే ఓటేస్తా.

తెగుళ్ల దగ్గర అసలు కష్టం. బూజు తెగులుకి సేంద్రియ తోటలకి కూడా ఇప్పటికీ రాగే దిక్కు. బోర్డో మిశ్రమం పుట్టింది ఫ్రాన్స్‌లోనే. రోడ్డు పక్క కాయ దొంగలు తినకుండా మైలుతుత్తం, సున్నం చల్లిన తీగలకి తెగులు రాలేదని గమనించి, 1885లో మిలార్డే అనే ప్రొఫెసర్ దాన్ని లోకానికి చెప్పాడు. నూటనలభై ఏళ్లు చల్లితే రాగి నేలలోనే ఉండిపోతుంది, ఎటూ పోదు. అందుకే యూరప్‌లో హెక్టారుకి ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగి దాటకూడదని పరిమితి పెట్టారు. బయోడైనమిక్ ముద్ర వేసే డిమీటర్ సంస్థ ఏడాదికి సగటున 3 కిలోలే అంటుంది. ఆయన దురదగొండి లాంటి నెటిల్ ఆకు కషాయం, హార్స్‌టెయిల్ మొక్క కషాయం కలిపి రాగి మోతాదు తగ్గిస్తున్నాడు. వాన ఎక్కువైన ఏడాది అదీ సరిపోదని ఒప్పుకున్నాడు. సేంద్రియం కదా అని బోర్డో పేస్టు, బోర్డో ద్రావణం లెక్కలేకుండా వాడే మనవాళ్లు ఈ మాట పట్టించుకోవాలి.

రుచి గదిలో ఒకే రీస్లింగ్ రకం రెండు గ్లాసుల్లో పోశారు, ఒకటి గ్రానైట్ నేలది, ఒకటి సున్నపురాయి నేలది. మొదటిది నిమ్మ వాసనతో తేలిగ్గా ఉంది. రెండోది పుల్లగా, బరువుగా నాలుక మీద నిలబడింది. ఎర్రనేల వేరుశనగకీ నల్లరేగడి వేరుశనగకీ తేడా మనకి తెలుసు. కానీ ఎప్పుడైనా రెండు గిన్నెల్లో పోసి కొనేవాడికి చూపించామా? మా వ్యాన్‌లో ఎనిమిది మంది ఉంటే ఐదుగురు సీసాలు కొన్నారు, 9 యూరోల నుంచి 28 యూరోల దాకా. వైన్ తాగనివాళ్లకి ద్రాక్ష రసం కూడా సీసాలో అమ్మారు. మధ్యవర్తి లేడు.

ఆయనకి మాత్రం దిగులుంది. ఫ్రాన్స్‌లో 1960ల్లో మనిషికి ఏడాదికి 100 లీటర్ల పైన వైన్ తాగేవాళ్లు, ఇప్పుడు అందులో సగం కూడా లేదు. బోర్డో ప్రాంతంలో 2023 నుంచి తోటలు పీకేయడానికి ప్రభుత్వమే డబ్బిస్తోంది. గుమ్మం దగ్గరికి మనుషులు రావడం ఆయనకి సరదా కాదు, బతుకు.

చిన్న రైతులు ఒక్కరే ఇదంతా చేయలేరు. రిబోవిలే ఊళ్లో 1895లో పెట్టిన రైతుల వైన్ సహకార సంఘం ఫ్రాన్స్‌లోనే పాతది, ఇప్పటికీ నడుస్తోంది. ఎఫ్‌పీఓలు నడిపేవాళ్లు ఈ పేరు రాసుకోండి. ఇంకొకటి: వాళ్లు పినో గ్రీ రకాన్ని చాలాకాలం టోకాయ్ అని అమ్మారు. ఆ పేరు మాది అని హంగరీ పట్టుబట్టింది. 2007 తర్వాత సీసా మీద ఆ మాట వేయడానికి లేదు. మనకి బనగానపల్లె మామిడికి 2017లో, అరకు కాఫీకి 2019లో, తాండూరు కందికి 2022లో జీఐ వచ్చింది. కాగితం ఉంది, పట్టుబట్టేవాళ్లు ఎందరు?

చివర్లో కోల్మార్ ఉంటర్‌లిండెన్ మ్యూజియం. ఇక్కడ వ్యవసాయం ఏముంటుంది అనుకున్నా, ఉంది. 1512-16 మధ్య గ్రూన్‌వాల్డ్ వేసిన ఇజెన్‌హైమ్ బలిపీఠం చిత్రాల్లో ఒళ్లంతా పుండ్లతో ఒక మనిషి ఉంటాడు. ఆ చిత్రం ఉన్న మఠం ఎర్గాట్ పట్టిన రై గింజల రొట్టె తిని చేతులు కాళ్లు కుళ్లిన రోగులకి ఆసుపత్రి. మన సజ్జలో తేనెబంక తెగులు ఆ జాతి శిలీంధ్రమే. మనవాళ్లు ఉప్పునీళ్లలో విత్తనం పోసి తేలినవి తీసేసేది దీనికే.

తిరిగొచ్చాక మేం ఆరుగురు రైతులం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. 1565 తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న పెనుకొండ కోట, లేపాక్షి గుడి బెంగళూరుకి దగ్గర. శని ఆదివారాల్లో కార్లు వస్తున్నాయి, గుడి చూసి, రోడ్డు పక్క టిఫిన్ తిని వెళ్లిపోతున్నాయి. పొద్దున కోట, మధ్యాహ్నం తోటలో రాగి సంకటి భోజనం, రెండు నేలల వేరుశనగ నూనె, మూడు రకాల మామిడి రుచి, సాయంత్రం గుడి. వ్యాన్‌కి ఎనిమిది మందికి మించకుండా. జనవరిలో రెండు ట్రిప్పులు వేసి చూస్తాం. ఖర్చులు, మిగులు ఎంతన్నది అప్పుడు లెక్కలతో వీడియో పెడతా.

అల్సాస్ వెళ్లాలనుకునేవాళ్లకి: సెప్టెంబరు కోతల టైంలో రైతులకి మాట్లాడే తీరిక ఉండదు. మే, జూన్ మంచిది. బుక్ చేసేటప్పుడు కొట్టు కాదు, తోటలోకి తీసుకెళ్తారా అని ముందే అడగండి. ఆదివారం చాలా చోట్ల గదులు మూసి ఉంటాయి.