ఎడమ కాలికి సెలవు!

"సారు రాలేదాక్కా? కారు నువ్వే తోలుకొచ్చినవా?"

పోయిన శనివారం రాయికోడ్‌లో మా అమ్మ ఇంటి ముందు కారాపగానే పక్కింటి పద్మ అడిగిన మాట ఇది. నేను దిగి అటువైపు వెళ్లి తలుపు తీసి, అమ్మను మెల్లగా దింపుతుంటే వీధిలో నలుగురాడవాళ్లు చేరారు. పద్మ లోపలికి తొంగిచూసి ఇంకో ప్రశ్న వేసింది. "గిదేందక్కా, కాళ్లకాడ రెండే ఉన్నయి! మూడోదేది?"

ఆ మూడోది లేకపోవడం వల్లే మా అమ్మ ఇవాళ తన వాకిట్లో, తన మంచం మీద కూర్చోగలిగింది. అది చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

పుట్టింది రాయికోడ్ అయినా నేను పెళ్లయినప్పటి నుంచీ రామచంద్రాపురంలోనే ఉంటున్నాను. ఓ చిన్న కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం. మా ఆయనది పటాన్‌చెరులో షిఫ్టుల డ్యూటీ. రెండేళ్ల క్రితం అమ్మకు మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ తప్పదన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు... పొద్దున ఆరింటి షిఫ్టు. ఒక్కోసారికీ నాలుగు గంటలు. ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మను మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం.

ఆస్పత్రి మా ఇంటికి ఎనిమిది కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదింటికి లేచి ఫోనులో క్యాబ్ బుక్ చేయడం, వస్తానన్న డ్రైవరు చివరి నిమిషంలో రాననడం, రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో కోసం చేతులూపడం. వెళ్లేటప్పటి కష్టం ఒకెత్తు. వచ్చేటప్పటిది ఇంకొకెత్తు. డయాలిసిస్ అయ్యాక అమ్మకు బీపీ పడిపోతుంది. కళ్లు తిరుగుతాయి. అలాంటి మనిషిని ఎండలో నిలబెట్టి బేరాలాడుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

"ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా!" అన్నారు చుట్టాలు. నిజమే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మనకు బస్సు టిక్కెట్టు లేదు. ఆఫీసుకు నేనూ బస్సులోనే వెళ్తాను. కానీ కాళ్లు వణికే మనిషిని ఎక్కించి, నిలబెట్టి, దింపడం అయ్యే పనేనా?

మూడు పెడళ్లు... రెండు కాళ్లు

ఇంట్లో కారు లేదా అంటే ఉంది. పదేళ్ల నాటి గేర్ల కారు. మా ఆయన కంపెనీ బస్సులో వెళ్తే అది కింద దుమ్ముకొట్టుకుని ఉండేది. యాభై ఏళ్లు దగ్గర పడుతుండగా డ్రైవింగ్ స్కూల్లో చేరి నెలరోజులు నేర్చుకున్నాను. లైసెన్సూ వచ్చింది. ఖాళీ రోడ్డు మీద బాగానే నడిపేదాన్ని.

నా ఎడమ మోకాలు అరిగింది. మన నగరం రోడ్డేమో పది గజాలకోసారి ఆగమంటుంది. ఆగిన ప్రతిసారీ క్లచ్ తొక్కాలి, గేరు మార్చాలి, క్లచ్ మెల్లగా వదలాలి. ఎనిమిది కిలోమీటర్లలో ఎన్నిసార్లు తొక్కుతామో ఎవరైనా లెక్కపెడితే తెలుస్తుంది. ఇంటికొచ్చాక వేడినీళ్ల కాపడం పెట్టుకుంటే తప్ప మెట్లెక్కలేకపోయేదాన్ని.

ఓ శుక్రవారం లింగంపల్లి రైల్వే బ్రిడ్జి కింది నుంచి పైకెక్కుతుండగా బండి ఆగిపోయింది. క్లచ్ వదిలేసరికి ఇంజను చచ్చింది. మళ్లీ స్టార్ట్ చేస్తే కారు వెనక్కి జారింది. వెనక లారీ! ఒకటే హారన్లు. ఒకాయన అద్దం దించి "ఇంట్లో కూర్చోక ఎందుకమ్మా మీకు?" అని వెళ్లిపోయాడు. చివరికి ఓ ఆటో అబ్బాయి దిగి వచ్చి బండిని పైదాకా ఎక్కించి ఇచ్చాడు.

వెనక సీట్లో అమ్మ ఏమీ మాట్లాడలేదు. రాత్రి నేను మోకాలికి మందు రాసుకుంటుంటే దగ్గరికొచ్చి కూర్చుంది.

"నన్ను ఊర్ల దిగబెట్టి రా బిడ్డా. ఇగ ఈ మిషను వద్దు, ఈ తిరుగుడు వద్దు. ఏదయితే అదయితది."

డయాలిసిస్ మానేస్తే ఏమవుతుందో అమ్మకు తెలుసు. నాకూ తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ బతుకు నా మోకాలి చిప్ప మీద ఆధారపడాలా?

దారి చూపిన స్కూటరు

ఆలోచిస్తుంటే మా ఆఫీసులో పెద్దావిడ ఓ మాటంది. "గేర్ల స్కూటర్లు ఉన్నన్నాళ్లూ మనం వెనక పక్కకు తిరిగి కూర్చున్నాం. గేర్లు లేని స్కూటర్లు వచ్చాకే కదమ్మా ముందుకొచ్చాం!"

ఎంత నిజం! 1980లలో కైనెటిక్ హోండా, తర్వాత స్కూటీ, 2001లో యాక్టివా... గేర్లు పోయాకే మన చిన్న ఊళ్లలో కూడా టీచరమ్మలు, నర్సులు బండ్లెక్కారు. మరి కార్ల సంగతేమిటి?

విచారిస్తే తెలిసింది. గేర్లు తనంతట తానే మార్చుకునే కారు కొత్తదేమీ కాదు. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు 1940 మోడల్ కార్లలోనే 'హైడ్రామాటిక్' పేరుతో తెచ్చారు. మన దేశంలో 1990లలో మారుతి జెన్‌లోనూ ఆటోమేటిక్ రకం వచ్చింది. కానీ అలాంటివి ఖరీదెక్కువ, పెట్రోలూ ఎక్కువ తాగుతాయని మధ్యతరగతి వాళ్లు దూరంగా ఉన్నారు.

2014లో మారుతి సెలెరియోతో ఆ పరిస్థితి మారింది. అందులో పెట్టిన పద్ధతిని ఏఎంటీ అంటారు. మామూలు గేర్ల పెట్టె, మామూలు క్లచ్చే ఉంటాయి. మన కాలూ చెయ్యీ చేసే పనిని ఓ చిన్న యంత్రం, దానికి ఆజ్ఞలిచ్చే కంప్యూటరు చేస్తాయి. కొత్త గేర్ల పెట్టె అక్కర్లేదు కాబట్టి గేర్ల కారు కన్నా నలభై, యాభై వేలు మాత్రమే ఎక్కువ. మైలేజీ కూడా గేర్ల కారుకు దగ్గరగానే వస్తుంది. తర్వాత ఆల్టో కె10, నానో, క్విడ్, టియాగో, వ్యాగనార్... ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి.

తమాషా ఏమిటంటే మా జహీరాబాదు ప్రాంతానికి బండ్ల తయారీ కొత్త కాదు. 1980లలోనే ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు అక్కడ తయారయ్యాయి. ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. మా ఆడవాళ్లం మాత్రం వాటిని బస్సు కిటికీలోంచి చూస్తూ వచ్చాం!

లెక్కల దగ్గర గొడవ

"ఉన్న కారు చాలదా? అప్పుచేసి ఇంకో కారా?" అన్నారు మా ఆయన. ఆయనదీ తప్పు కాదు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

నెలకు పదమూడు డయాలిసిస్‌లు. రానూపోనూ క్యాబుకు అయిదు వందలు. అంటే నెలకు ఆరువేల అయిదు వందలు. పాత కారు అమ్మితే ఎనభై వేలు వచ్చింది. నా చిట్టీ డబ్బు ముప్పై వేలు కలిపాను. రెండున్నర లక్షలు అప్పు. 2018 నాటి సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ సెలెరియో మూడు లక్షల అరవై వేలకు దొరికింది. నాలుగేళ్ల పాటు నెలకు కట్టే వాయిదా సుమారు ఆరున్నర వేలు... సరిగ్గా క్యాబుకు పోసేదే!

అయితే పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసింగ్ పైఖర్చు. ఆ సంగతి దాచను. మా తిరుగుడుకు పెట్రోలుకే నెలకు రెండు వేలవుతోంది. డబ్బు మిగల్లేదు. కానీ నాలుగేళ్ల తర్వాత వాయిదాలుండవు, కారుంటుంది. ఈలోగా అమ్మ ఉంటుంది. ఈ చివరి మాట అనేసరికి మా ఆయన ఇంకేమీ అనలేదు. మర్నాడు ఆయనే నాతో వచ్చి, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని బండి చూశారు.

కొత్తది కొనాలనుకునే వారికి ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో చిన్న ఆటోమేటిక్‌ల షోరూము ధర అయిదు లక్షల చుట్టుపక్కల మొదలవుతోంది. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు దానికి అదనం.

మొదటి వారం పాఠాలు

ఎంత సులువైనా దేనికైనా నేర్చుకోవాల్సింది ఉంటుంది. నేను పడ్డ తిప్పలు మీరు పడకూడదని చెబుతున్నాను.

* ఎడమ కాలిని పూర్తిగా పక్కన పెట్టేయండి. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ కుడికాలే. మొదటిరోజు అలవాటు కొద్దీ క్లచ్ అనుకుని ఎడమ కాలితో బ్రేకు తొక్కాను. కారు గుంజుకుని ఆగింది. నుదురు స్టీరింగ్‌కు తగలకుండా బెల్టు కాపాడింది!

* బ్రేకు మీద కాలుంచే స్టార్ట్ చేయాలి. 'డి'లో వేసి బ్రేకు వదిలితే బండి తనే మెల్లగా కదులుతుంది. ట్రాఫిక్‌లో ఇది పెద్ద వరం. పార్కింగ్‌లో మాత్రం ఏమరుపాటు పనికిరాదు.

* ఏఎంటీ బండి గేరు మార్చేటప్పుడు ఓ చిన్న ఊపు ఇస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే తగ్గుతుంది. ముందు బండిని దాటాలనుకుంటే వేగం అందుకోవడానికి క్షణం పడుతుందని గుర్తుంచుకోండి.

* ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి. లోపల క్లచ్ అరిగిపోతుంది. బ్రేకో, హ్యాండ్‌బ్రేకో వాడండి.

* చాలా ఏఎంటీల్లో పార్కింగ్ గేరు వేరుగా ఉండదు. గేరులోనే ఉంచి ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగండి.

* సెకండ్‌హ్యాండ్ అయితే ఎత్తు మీద, ట్రాఫిక్‌లో నడిపి చూడందే కొనకండి. క్లచ్ ఎప్పుడు మార్చారో అడగండి. సర్వీసు కాగితాలు చూడండి.

రోడ్డు మీద భయం పోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీద ఆస్పత్రి దారినే పది సార్లు తిరిగాను. పదహారో రోజు సోమవారం. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అదే లింగంపల్లి బ్రిడ్జి ఎత్తు ఎక్కాను. పైకెక్కాక అమ్మ అడిగింది, "బ్రిడ్జి ఎప్పుడొస్తది?" అని. దాటేశామంటే నమ్మలేదు!

రెండు రోజుల సెలవు

శుక్రవారం డయాలిసిస్ అయ్యాక మళ్లీ సోమవారమే. మధ్యలో శని, ఆదివారాలు. ఇదివరకు ఆ రెండు రోజులూ అమ్మ మా బాల్కనీలో కూర్చుని రోడ్డు చూసేది. ఇప్పుడు డాక్టరుగారినడిగి, మందులూ, కొలిచి తాగాల్సిన నీళ్ల సీసా వెంట పెట్టుకుని నెలకోసారి ఊరెళ్తున్నాం. సంగారెడ్డి, సదాశివపేట దాటాక ముంబయి హైవే వదిలి లోపలికి తిరుగుతాం. నల్లరేగడి చేలు కనిపించగానే అమ్మ అద్దం దించమంటుంది. ఎవరి పత్తి బాగుందో, ఎవరి కంది పలచబడిందో నాకు చెబుతూ వస్తుంది. రామచంద్రాపురంలో రోజంతా నాలుగు మాటలు మాట్లాడని మనిషి!

"నన్ను ఊర్ల దిగబెట్టి రా" అన్నది ఆ రోజు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి తనే సంచి సర్దుకుంటుంది. "నడు బిడ్డా, రేపు పొద్దుగాల మిషను ఉన్నది" అంటుంది.

మొన్న బయల్దేరబోతుంటే పద్మ మళ్లీ కారు దగ్గరికొచ్చింది. ఈసారి మూడో పెడల్ సంగతి అడగలేదు.

"అక్కా, మా ఆయన తిట్టకుంటే... నేను గూడ నేర్చుకుంటే వస్తదా?"

డ్రైవర్ సీటు తలుపు తీసి, "ముందు కూర్చో" అన్నాను. ఎడమ కాలు ఎక్కడ పెట్టుకోవాలో చూపించాను. పావుగంట ఆలస్యమైంది. అమ్మ ఏమీ అనలేదు.