కల్యాణము మఱునాడు

ఒంటిమిట్ట కోదండరామస్వామివారి కల్యాణము చైత్ర శుద్ధ చతుర్దశినాడు రాత్రివేళ వెన్నెలలో జరుగును. తక్కిన రామాలయములలో నవమినాటి పట్టపగలు జరుగు పెండ్లి యిక్కడ మాత్రము రాత్రి యేల జరుగుచున్నదని యడిగినచో ఊరివారు రెండు సమాధానములు చెప్పుదురు. చంద్రునికి స్వామి యిచ్చిన వరమని కొందఱు. తాము చంద్రవంశీయులమని చెప్పుకొనిన విజయనగర ప్రభువుల కట్టడియని మఱికొందఱు. ఏది యెట్లున్నను ఆ యొక్క రాత్రి రాష్ట్రమంతయు ఒంటిమిట్టవైపు చూచును. ప్రభుత్వపక్షమున పట్టువస్త్రములు వచ్చును. కడప బాటయు రాజంపేట బాటయు జనముతో నిండును. మేము నేడు వ్రాయబూనినది ఆ రాత్రిని గూర్చి కాదు. మఱునాటి యుదయమున పందిళ్లు విప్పి, అడ్డుకఱ్ఱలు పెఱికి, వచ్చినవారందఱును పోయిన పిమ్మట ఆ యూరనే యుండిపోవు గృహస్థును గూర్చి మేము రెండు మాటలు చెప్పదలచినాము.

2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైనపుడు భద్రాచలము తెలంగాణమున నిలిచినది. 2015 మొదలు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రామనవమి యుత్సవమును ఒంటిమిట్టయందు అధికారికముగా జరిపించుచున్నది. ఆ యేడే దేవాలయము తిరుమల తిరుపతి దేవస్థానముల పాలనలోనికి వచ్చినది. దీనిని మేము ఆక్షేపింపము. కరవుసీమలోని యొక గుడికి ఇన్నాళ్లకైనను ఆదరము దొరకుట సంతోషింపదగిన విషయమే. అయినను 2015కు ముందు ఈ గుడికి దిక్కు లేకుండెనని కొందఱనుట చరిత్ర నెఱిగినవారి మాట కాదు. 1652లో గండికోటకు పోవుచు ఫ్రెంచి రత్నవర్తకుడు తావర్నియే యీ గోపురమును జూచి మెచ్చుకొనెనని ప్రతీతి. యాత్రికుల దాహము తీర్చుటకై మహమ్మదీయుడైన ఇమాంబేగు త్రవ్వించిన బావి ఆయన పేరుతోనే నేటికిని పిలువబడుచున్నది. ఇక ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారి (1863–1936) మాట చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగా నుండిన యా మహనీయుడు టెంకాయచిప్ప చేతబట్టి, ఊరూర భిక్షమెత్తి యీ గుడి నుద్ధరించెను.

ఆ చిప్పలో పడిన కానీకి ఒక విశేషము కలదు. కానీ వేసినవాడు గుడిలో నేమి జరుగుచున్నదని అడుగగలడు. నేడు ద్రవ్యము ఖజానానుండియు దేవస్థానమునుండియు వచ్చుచున్నది. అది యెంతో యెక్కువ ద్రవ్యమే. కాని ఊరివాడు దానికి దాత కాడు గనుక, దాని వ్యయమును గూర్చి తన్నెవ్వరును అడుగుదురని యాశింపడు. మా యభిప్రాయమున ఒంటిమిట్ట పౌరుల చిక్కులన్నిటికిని మూలమిదియే.

ఏవి యా చిక్కులని పాఠకు లడుగవచ్చును. చూచుటకు చిన్నవే. గుడికి సమీపమున నున్న యొక గృహస్థుని తీసికొందము. కొడుకునకు పెండ్లియైనది, మిద్దెమీద నొక గది వేసికొనవలెను. ఈ దేవాలయము కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలోనిది. 1958 నాటి చట్టమునకు 2010లో జరిగిన సవరణ ననుసరించి రక్షిత కట్టడమునకు నూఱు మీటర్లలోపల కొత్త కట్టడము కూడదు. ఆపైని మఱి రెండువందల మీటర్లలో అనుమతి లేనిదే కూడదు. ఉన్న యింటికి మరమ్మతు చేసికొనవచ్చును గాని దానికిని అనుమతి కావలెను. ఈ చట్టము మంచిదే. ఇది లేకున్నచో గోపురము చుట్టును నాలుగంతస్తుల మేడలు లేచి, రాతిగోపురము మఱుగుపడియుండెడిది. కాని చట్టమును కాపాడువారు ఊరివారి భాషలో ఒక పటము గీయించి, నూఱు మీటర్ల గీటు ఏ యింటి గోడమీదుగా పోవుచున్నదో చూపి, పంచాయతి కార్యాలయమున వ్రేలాడగట్టుట కష్టమా? నెలకొక దినము ఒక గుమాస్తా వచ్చి కూర్చుండి మరమ్మతు దరఖాస్తులు తీసికొనుట కష్టమా? గుడిచుట్టు కాపురమున్నవాడే గుడికి మొదటి కావలివాడు. వానికి గుడి యొక భారమని తోచుదినము రాకుండ చూచుకొనవలెను.

2018 మార్చి 30వ తేదీ రాత్రిని ఊరివారు మఱువలేదు. కల్యాణపు వేళ సమీపించుచుండగా ఈదురుగాలియు వడగండ్లవానయు విఱుచుకొనిపడి పందిళ్లు కూలినవి. నలుగురు ప్రాణములు గోల్పోయిరి, గాయపడినవారు పెక్కురు. తరువాతి కాలమున స్థిరమైన కల్యాణవేదిక కట్టబడినది; అది మెచ్చదగిన పని. అయితే చైత్రవైశాఖములలో ఎండ మిక్కుటమైన దినము సాయంకాలము గాలి యే దిక్కునుండి లేచునో, రేకు ఏ పాటి గాలికి ఎగురునో చెప్పుటకు పట్నమునుండి ఇంజనీరు రానక్కరలేదు. తన కొట్టముపై కప్పు రెండుమాఱులు ఎగిరిపోయిన రైతు చెప్పగలడు. అడిగినచో చెప్పును. అడుగు పద్ధతి యొకటి యేర్పడవలెను.

ఇక చెరువు. దీనిని గూర్చి కొంచెము విపులముగా వ్రాయక తప్పదు. ఏలయన, ఊరిలో నే యరుగుపై నే మాట మొదలైనను తుదకు చెరువు దగ్గఱకే వచ్చి నిలుచును. కడప జిల్లాలో సగటున ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అదియు నైరృతి ఋతుపవనము కొంత, ఈశాన్య ఋతుపవనము కొంత, తమకు తోచినట్లు పంచియిచ్చునది. ఇట్టి దేశమున చెరువన్నది రైతునకు బొక్కసము. ఆయకట్టు మడికి నీరు, ఆయకట్టు వెలుపలి బావులకును బోరులకును ఊట, పశువులకు దాహము. యాత్రికుని కన్నులకు మాత్రము అది గుడియెదుటి యద్దము. సోమశిల జలాశయపు వెనుకనీటిని యంత్రములతో ఎత్తి యీ చెరువునకు చేర్చు పథకము వచ్చినది. సోమశిల నెల్లూరు జిల్లాలో నున్నను, 78 టి.యం.సీ.ల యా నీటి విస్తారమునకై భూములు వదలుకొనిన గ్రామములు కడప జిల్లావి గనుక, ఆ నీటిలో నొక గుక్కెడు ఇటు వచ్చుట ధర్మమే. కాని ఎత్తిపోతల నీరు వాననీటివంటిది కాదు. దానికి విద్యుచ్ఛక్తి కావలెను, వెనుకనీటి మట్టము చాలినంత యుండవలెను, యంత్రమును కనిపెట్టుకొని యుండు మనుష్యుడు కావలెను. పైగా నీరు తెచ్చిపోయుటయే చాలదు. చెరువడుగున పూడిక పేరుకొనినచో ఎంత పోసినను నిలుచునది కొంతయే.

ఈ సీమలో చెరువు విద్య కొత్తది గాదు. ఇదే జిల్లాలోని పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమున్నది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అచ్చట చెరువు కట్టించుటకు రెండేండ్లపాటు దినమునకు వేయిమంది పనివారును, ఱాయి మోయుటకు నూఱు బండ్లును పనిచేసినట్లు అందు చెక్కబడినది. అంతేకాదు, మంచి చెరువునకు వలయు పండ్రెండు అంగములను, చెరువునకు రాగల ఆఱు దోషములను గూడ ఆ శాసనకర్త లెక్కించి చెప్పెను. ఆ దోషములలో ఒకటి చెరువు నడుమ మెరక యుండుట. చెరువు మధ్య శోభార్థము ఏదైన నిర్మింపవలెనని ముచ్చటపడువారు ఆ వాక్యము నొకమాఱు చదివికొనుట మంచిది. ఇంకొక దోషము, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. దీని నిప్పుడు చదివినచో మాకు నవ్వు వచ్చును. గుడికట్టడము పురావస్తుశాఖవారిది, పూజ దేవస్థానమువారిది, చెరువు నీటిపారుదల శాఖవారిది, బాట జాతీయ రహదారులవారిది, వీధికాలువ పంచాయతివారిది. శాసనకర్త రెండు రాజ్యములకే భయపడెను. ఒంటిమిట్టవాడు ఐదు రాజ్యముల పొలిమేరలో కాపురము చేయుచున్నాడు.

పూర్వము ఈ జిల్లాలో దశబంధపు ఇనాములుండెడివి. చెరువు కట్టించినవానికి, మరమ్మతు చూచుకొనువానికి భూమియో ఆదాయములో భాగమో వదలి, కట్ట తెగకుండ, తూము పగులకుండ చూచు భారము నతనిపై నుంచెడివారు. ఆ పద్ధతిని మరల తెమ్మని మేము కోరము. దానిలోని లోపములును మాకు తెలియును. కాని చెరువు బాధ్యత ఫలానివానిదని వ్రేలు చూపుటకు ఆనాడు వీలుండెను. 1997 నాటి చట్టము ప్రకారము నీటి వినియోగదారుల సంఘములు వచ్చినవి. గ్రామసభ రాజ్యాంగముచేతనే గుర్తింపబడినది. కొత్త సంస్థ నొకటి పుట్టింపనక్కరలేదు. ఉన్న రెంటిని కూర్చుండబెట్టి, తక్కిన నాలుగు శాఖలవారిని వారి యెదుటికి పిలిచి, ఏటేట ఒంటిమిట్టలో ఎంత వ్యయమగుచున్నదో, అందులో పండుగ రాత్రికెంత, ఊరికెంత, చెరువునకెంత యని తెలుగులో చదివి వినిపించినచో చాలును. 2025 ఆగస్టు 12వ తేదీన జిల్లా ప్రజాపరిషత్తు స్థానమునకు ఉపయెన్నిక జరిగినపుడు పత్రికలన్నియు పదిదినములు ఒంటిమిట్ట పేరు జపించినవి. గెలుపోటముల లెక్క యందఱును వ్రాసిరి. చెరువు పూడిక లెక్క వ్రాసినది మా కంటబడలేదు.

ఒక పేచీ మాత్రము నిజముగా నున్నది. దానిని దాచుట న్యాయము కాదు. పండుగకు చెరువు నిండుగా కన్పడవలెనని వచ్చువారి కోరిక. ఎండినపుడు పూడిక తీయవలెనని రైతు కోరిక. కల్యాణమునకును తొలకరికిని నడుమ నున్నవి రమారమి రెండు నెలలు. చెరువంతయు ఒక్క యేట ఎండబెట్టుమని ఎవ్వరు చెప్పుదురు? వంక నీరు చెరువులో చొచ్చు మొగయొద్దనే మొదట ఒండ్రు దిగును. ఆ తలభాగమునుండి మొదలిడి, ఏటికొక భాగము చొప్పున, గుడివైపు నీరు నిలిపియుంచియే పని సాగింపవచ్చును. ఆ రెండు నెలలు ఎత్తిపోతలను కొంత నెమ్మదిగా నడిపిన చాలును. తీసిన ఒండ్రు వ్యర్థము గాదు. దానిని పొలములకు తోలుకొనుటకు ఊరిలో రైతులును ట్రాక్టర్లును ఉన్నవి, మంచి ఒండ్రైనచో వారే పోటీపడి వత్తురు. మరవ కట్టడమును, తూము తలుపులను అప్పుడే పరీక్షింపవచ్చును. 2021 నవంబరు 19వ తేదీన చేయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట సీమలోని గ్రామములను ముంచిన దినమును ఈ ప్రాంతమువా రెవ్వరును మఱువలేదు గనుక, కట్టమీది శ్రద్ధ యేల యని యడుగువా రిచ్చట నుండరు.

కావున రానున్న చైత్రమున గ్రామసభను కల్యాణము ముగిసిన మూడవనాడు పిలువవలెనని మేము కోరుచున్నాము. అప్పటికి శాఖలవారు ఇంకను ఊరిలోనే యుందురు, పందిళ్ల కఱ్ఱలు తరలిపోయియుండవు. ఆ కఱ్ఱలలో కొన్నిటిని చెరువు తలభాగమున పాతి, ఆ యేటి పూడిక యెంతవఱకో గుర్తులు పెట్టి, ఆయకట్టు రైతులచేత సంతకములు చేయించుటకు ఒక పూట చాలును.