వార్తల్లో పదం: నాలెడ్జ్ మేనేజ్‌మెంట్

ఒక సంస్థలో పదిమందికి తెలిసిన సంగతుల్ని పోగుచేసి, వర్గీకరించి, కావలసినవారికి వేళకు అందించే పద్ధతి ఇది. 1990లలో కంపెనీల్లో ఊపందుకుంది. నొనాకా, టకేయుచి అనే జపాన్ ఆచార్యులు 1995లో తెచ్చిన పుస్తకం దీనికి పునాదుల్లో ఒకటి. అనుభవంతో అబ్బిన నేర్పును అందరికీ పనికొచ్చే రూపంలో పెట్టడం వాళ్ల ప్రధాన ఆలోచన.

ఇప్పుడది ఆన్‌లైన్ చదువుల్లోకి వచ్చింది. కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ, పల్లెబడుల్లో పది పాసైన పిల్లలకు ల్యాప్‌టాప్‌లిచ్చి చదువు చెప్పింది. 2017లో వచ్చిన దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదికతో బడి పుస్తకాల్లోకి క్యూఆర్ కోడ్ చేరింది. కర్నూలు పిల్ల దాన్ని స్కాన్ చేస్తే నేరుగా ఆ పాఠం వీడియోనే తెరుచుకోవాలి. అందుకు ప్రతి వీడియోకూ తరగతి, సబ్జెక్టు, మాధ్యమం, పాఠం పేరు తగిలించి ఉండాలి. ఆ గుర్తులు లేకుంటే వేల వీడియోలున్నా వృథాయే. వీడియోలు తీయడం కన్నా ఇదే పెద్ద పని అని నా నమ్మకం.

ఇంకా చేరాల్సింది టీచర్ల నేర్పు. ఆదోని, కోసిగి వైపు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలస పోతాయి. నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లలకు భిన్నాలు ఎక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టాలో అక్కడి పంతులమ్మలకు తెలుసు. ముందు రికార్డు చేయాల్సింది అదే.